ఫోన్ మోగితే ఒళ్లు వణుకుతోంది, పిల్ల ఏడిస్తే ఏమీ అనిపించట్లేదు

కరోనా రోజుల్లో ఒక పాఠకురాలు, పేరు బయటపెట్టొద్దని కోరుతూ, పెద్ద ఉత్తరం రాశారు. వయసు 36. ఫోస్టర్ కేర్‌లో 9 ఏళ్లుగా కేస్ వర్కర్. కన్నవాళ్ల దగ్గర భద్రంగా ఉండలేని పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచుతారు కదా, ఆ పిల్లల్నీ, వాళ్లను పెట్టుకున్న కుటుంబాల్నీ, కన్నవాళ్లనీ, కోర్టునీ కలిపి నడిపించే పని ఆవిడది. కరోనాకు ముందు ఆవిడ చూసే పిల్లలు 14 మంది. ఈ ఏడాదిన్నరలో ఇద్దరు సహోద్యోగులు ఉద్యోగం వదిలేశారు, వాళ్లు చూసే పిల్లల్లో 9 మంది ఈవిడకు వచ్చారు. ఇప్పుడు 23 మంది.

ఇళ్లకు వెళ్లడం ఆగిపోయి, చాలా నెలలు వీడియో కాల్‌లోనే పిల్లల్ని చూశారు. వాళ్లలో ఒక నాలుగేళ్ల బాబు రెండు నెలల పాటు తెరమీద నవ్వుతూనే కనిపించాడు. నేరుగా వెళ్లిన రోజు చూస్తే బట్టలు ఒంటిమీద వేలాడుతున్నాయి, చేతుల మీద కమిలిన మచ్చలున్నాయి. ఆ రోజే అక్కణ్నుంచి తీసుకొచ్చి వేరే ఇంట్లో ఉంచారు, విచారణ నడుస్తోంది. "ఆ చేతులు రాత్రిళ్లు కళ్ల ముందుకొస్తాయి" అని రాశారు. ఆ వీధి మీదుగా వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి పోతున్నారు. ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నారు, అది మోగితే ఒళ్లు వణుకుతోంది. పోయిన నెల ఒక అమ్మాయి తనను పట్టుకుని ఏడుస్తుంటే "గోడను చూసినట్టు చూశాను, నేను మనిషినేనా?" అని అడిగారు.

ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బున్న అత్తగారు, ఆరేళ్ల కొడుకు ఉన్నారు. "నువ్వు ఆ పిల్లలకే అమ్మవి" అన్నాడట కొడుకు. భర్త మానెయ్యమంటున్నారు. సూపర్‌వైజర్‌తో చెప్పుకుంటే "అందరి పరిస్థితీ అదే కదమ్మా, కాస్త ఓపిక పట్టు" అన్నారు. 5 నెలల కిందట ఆవిడకూ కరోనా వచ్చింది, వారం తిరక్కుండానే లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నిద్ర పట్టక రెండుసార్లు అత్తగారి నిద్రమాత్ర వేసుకున్నారు. చివరి పేజీలో మిగతా విషయాల మధ్య ఒక వాక్యం ఉంది: "పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అని ఈమధ్య రెండు మూడుసార్లు అనిపించింది." అడిగినవి మూడు. ఇది నా బలహీనతా? ఉద్యోగం మానెయ్యాలా? ఆ బాబును వెళ్లి చూడొచ్చా?

సమాధానం:

మీ మూడు ప్రశ్నలకంటే ముందు, మీరు చివరి పేజీలో రాసిన ఆ వాక్యం దగ్గర ఆగుతున్నాను. మెలకువ రాకపోతే బాగుండు అనిపించడమూ, చచ్చిపోవాలని నిర్ణయించుకోవడమూ ఒకటి కాదు. కానీ రెండు మూడుసార్లు అనిపించిందంటే ఈ వారంలోనే డాక్టరును కలవాలి. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి. "అలసటగా ఉంది" అని మాత్రం చెప్పి ఊరుకోవద్దు, ఎందుకంటే ఆ మాటకు విటమిన్ మాత్రలు రాసి పంపేవాళ్లు ఉంటారు. మీ భర్తకు కూడా ఈ రాత్రే చెప్పండి. "ఎలా పోవాలి" అన్న ఆలోచన గానీ, దగ్గరున్న మాత్రల మీదకు చూపు పోవడం గానీ మొదలైతే డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే మనిషిని పక్కన పెట్టుకుని అత్యవసర విభాగానికి వెళ్లండి. పిల్లల విషయంలో మీరు ఇలాంటి మాట వింటే ఏం చేస్తారో మీకు తెలుసు. అదే మీకూ చెయ్యండి.

అత్తగారి నిద్రమాత్ర ఇక ముట్టుకోవద్దు. ఆ మోతాదు ఆవిడ వయసుకూ జబ్బుకూ సరిపడేది. కొన్ని నిద్రమాత్రల మత్తు మర్నాడు పొద్దునకూ దిగదు, ఆ పొద్దున మీరు వెనక సీట్లో ఒక పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని కారు నడుపుతుంటారు. నిద్రకు మందు అవసరమైతే మీ పేరుమీద, మీ డాక్టరే రాయాలి. ఆ మాత్రలు ఇంట్లో తాళం వేసిన చోట ఉండటం కూడా ఇప్పుడు మంచిది.

డాక్టరు దగ్గర ఇంకో రెండు విషయాలు అడగండి. ఒకటి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు. రెండోది, మీకు 5 నెలల కిందట వచ్చిన కరోనా. జబ్బు తగ్గాక కూడా కొందరిలో నీరసం, మాట గుర్తురాకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం నెలల తరబడి ఉంటాయి. బయటికి ఇది పని ఒత్తిడిలాగే కనిపిస్తుంది, కానీ నడిచే తీరు వేరు. కాస్త ఎక్కువ శ్రమపడ్డ మర్నాడో, ఆ పైరోజో ఒక్కసారిగా కూలబడిపోతుంటే అది కరోనా మిగిల్చిన నీరసం కావచ్చు. అలాంటప్పుడు "రోజూ గంట నడవండి, హుషారొస్తుంది" అనే సలహా మేలుకన్నా కీడే చేస్తుంది. ఒక వారం పాటు ఏ రోజు ఎంత పని చేశారో, మర్నాడు ఎలా ఉన్నారో రెండు ముక్కలు రాసుకుని వెళ్తే డాక్టరుకు తేడా తెలుస్తుంది.

ఇక మీ మొదటి ప్రశ్న, ఇది బలహీనతా అని. మీ ఉత్తరాన్ని రెండుమూడుసార్లు చదివితే అందులో మూడు వేర్వేరు బాధలు ఒకే మూటలో కట్టి ఉన్నట్టు కనిపిస్తోంది. వాటిని విడదీయకపోతే ఏ మందూ పనిచెయ్యదు.

మొదటిది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీనికి చోటిచ్చింది, అయితే జబ్బుగా కాదు, పనిచేసే చోట పుట్టే స్థితిగా. సర్దుబాటు కాని ఒత్తిడి ఎడతెగకుండా ఉంటే వచ్చే మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా ఊడ్చుకుపోవడం, పని మీద మనసు దూరమైపోవడం లేదా విసుగు పుట్టడం, ఎంత చేసినా చేసినట్టు అనిపించకపోవడం. గోడను చూసినట్టు ఆ అమ్మాయిని చూశానన్నారే, అది ఈ రెండో లక్షణం. మనసులోకి ఇంకొక బాధ పట్టే చోటు లేనప్పుడు అది తలుపు వేసుకుంటుంది. ప్రేమ చచ్చిపోయినవాళ్లు తర్వాత దాని గురించి ఆరు పేజీల ఉత్తరం రాయరు.

రెండోది వేరే. చేతులు కళ్ల ముందుకు రావడం, ఆ వీధి తప్పించుకు తిరగడం, ఫోన్‌కు ఉలిక్కిపడటం, ఈ మూడూ పనిభారం వల్ల వచ్చేవి కావు. ఇతరులకు జరిగిన హింసను దగ్గరగా చూసినవాళ్లకూ, విన్నవాళ్లకూ ఆ గాయమే తగలొచ్చు. 1990లలో చార్లెస్ ఫిగ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి విస్తారంగా రాశాడు. సెకండరీ ట్రామా అంటారు. దీన్ని కొలవడానికి 17 ప్రశ్నల పట్టిక ఒకటుంది, అందులో అడిగేవి సరిగ్గా మీరు రాసినవే: గుర్తుకు రావడం, తప్పించుకోవడం, ఉలికిపాటు. బర్నౌట్ నెమ్మదిగా నెలల మీద పేరుకుంటుంది, ఇది ఒక్క రోజులోనే పట్టుకోవచ్చు. సెలవు పెడితే బర్నౌట్‌కు కొంత ఊరట దొరుకుతుంది. దీనికి మాత్రం సెలవు చాలదు, ఖాళీగా కూర్చుంటే ఆ చేతులు ఇంకా ఎక్కువ కనిపించవచ్చు కూడా. నెల దాటినా తగ్గకపోతే ట్రామా చికిత్సలో శిక్షణ ఉన్న సైకాలజిస్టు కావాలి. ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) అనే పద్ధతులకు మంచి ఆధారం ఉంది. ఒక హెచ్చరిక: ఘటన జరిగాక అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకే విడతలో జరిగిందంతా చెప్పించడం మీ ఆఫీసులో ఉంటే, అది తప్పనిసరి చెయ్యొద్దని అడగండి. అలా ఒక్కసారి చెప్పించడం వల్ల తర్వాతి బాధ ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు, కొందరికి ఎక్కువైంది కూడా.

మూడోది, నాకు ఎక్కువ బరువైనదిగా కనిపిస్తున్నది, నైతిక వేదన. సరైన పని ఏమిటో తెలిసీ, నియమాలో పరిస్థితులో చెయ్యనివ్వకపోతే మనిషిలో మిగిలే బాధ ఇది. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త నర్సుల గురించి రాస్తూ దీనికి పేరు పెట్టాడు. కరోనా కాలంలో ఫోస్టర్ కేర్ పని అంతా ఈ ముడి చుట్టూనే తిరిగింది. ఇంటికి వెళ్తే జబ్బు మోసుకెళ్తామన్న భయం, వెళ్లకపోతే చూడాల్సింది చూడలేమన్న భయం. కన్నతల్లి బిడ్డను కలవడం ఆపితే ఆ బంధం తెగుతుంది, కలిపితే ఫోస్టర్ ఇంట్లో ముసలివాళ్లకు ప్రమాదం. పైగా పిల్లల ఒంటిమీద మచ్చల్ని ముందు గమనించేది చాలాసార్లు టీచర్లే. బడులు మూతపడ్డాక ఆ కళ్లు పోయాయి.

కాబట్టి ఆ బాబు విషయంలో "మీ తప్పేం లేదు" అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యను. మీరు నమ్మరు. దాని బదులు ఒక కాగితం తీసుకుని ఆ రెండు నెలల్ని వరసగా రాయండి. ఇళ్లకు వెళ్లొద్దని నిర్ణయించింది ఎవరు, ఏ తేదీన? ఆ కాల్స్‌లో మీకు కనిపించింది ఏమిటి, మీతో చెప్పిన మాటలేమిటి? ఆ నెలలో మీ చేతిలో ఎంతమంది పిల్లలున్నారు? అనుమానం వచ్చిన క్షణం ఉందా, ఉంటే ఏం చేశారు? ఇప్పుడు తెలిసినది అప్పుడు తెలిసినట్టుగా కలిపెయ్యకుండా రాయండి. రాశాక మీ వంతుగా నిజంగా ఏదో మిగలొచ్చు, ఒక కాల్ తొందరగా పెట్టేశాను అనో, కెమెరా తిప్పమని అడగలేదనో. మిగిలితే మిగలనివ్వండి. హద్దు తెలిసిన తప్పును మనిషి మొయ్యగలడు, దిద్దుకోగలడు. హద్దు లేని అపరాధ భావమే మనిషిని మింగుతుంది. విచారణలో మీ సాక్ష్యం అడగొచ్చు కనుక ఈ కాగితాన్ని ఎవరికైనా ఇచ్చేముందు మీ సంస్థ న్యాయ సలహాదారుతో మాట్లాడండి.

వీడియో సందర్శనలు ఇంకా నడుస్తున్నాయి కనుక ఆ పని గురించి కాస్త వివరంగా చెప్తాను. మీ భయం కొంతైనా తగ్గాలంటే పని పద్ధతి మారాలి. తెరమీద వాసన తెలియదు, బరువు తెలియదు, చొక్కా కింద ఒళ్లు కనిపించదు, తలుపు పక్కన నిలబడి చూస్తున్నదెవరో తెలియదు. 23 మందినీ ఒకేలా చూడకుండా నేరుగా కలవాల్సినవాళ్లను ముందు వరసలో పెట్టండి: అయిదేళ్ల లోపు వాళ్లు, మాటలు రానివాళ్లు, ఆ ఇంట్లోకి వచ్చి నెలన్నర కూడా కానివాళ్లు, ఇదివరకు ఆ ఇంటి మీద ఫిర్యాదు ఉన్నవాళ్లు, బడికీ డాక్టరుకూ కూడా కనిపించకుండా ఉంటున్నవాళ్లు. వరసను సూపర్‌వైజర్ సంతకంతో పెట్టించండి. నెలకు ఎన్నిసార్లు నేరుగా చూడాలన్న చట్టం మీ దగ్గర ఎలా ఉందో దానికి ఇది లోబడే ఉండాలి.

నేరుగా వెళ్లినప్పుడు ఇంటి బయటో వరండాలోనో కలవడం మేలు. లోపలికి వెళ్లక తప్పదు కాబట్టి కిటికీలు తీయించి, మంచి మాస్కు ముక్కు మీద బిగుతుగా పెట్టుకుని, పది నిమిషాల్లో గదులు చూసి బయటికొచ్చి మిగతా మాటలు మాట్లాడండి. 5 ఏళ్లూ, అంతకన్నా తక్కువ వయసూ ఉన్న పిల్లలకు మాస్కు తప్పనిసరి చెయ్యొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పాయి. అందుకే మీ మాస్కే ఇద్దరినీ కాపాడాలి. కారులో తీసుకెళ్తే పిల్లాణ్ని వెనక సీట్లో మీకు ఎదురుమూలగా కూర్చోబెట్టి, అన్ని వైపులా అద్దాలు కొద్దికొద్దిగా దించండి.

వీడియోలో చూడక తప్పనివాళ్లకు: మూడేళ్ల లోపు పిల్లలు తెరముందు పది నిమిషాలకు మించి నిలవరు. వాళ్లతో మాట్లాడాలని చూడొద్దు. పెద్దవాళ్లు ఎత్తుకున్నప్పుడు, ఆడిస్తున్నప్పుడు ఆ బిడ్డ ఒళ్లు సడలుతోందా బిగుసుకుంటోందా అన్నదే చూడండి. ఎనిమిదేళ్లు దాటినవాళ్లను హెడ్‌ఫోన్స్ పెట్టుకోమనండి. అప్పుడు మీ ప్రశ్న గదిలో ఎవరికీ వినపడదు, పిల్లలు అవును, కాదు అంటే చాలు. "ఇప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా" అన్నది మొదటి ప్రశ్న కావాలి. పడుకునే చోటు చూపించమని అడగండి. నోట్స్‌లో మాత్రం నిజం రాయండి: "వీడియోలో 12 నిమిషాలు చూశాను, ఒంటరిగా మాట్లాడే వీలు దొరకలేదు, మంచం చూడలేదు." చాలామంది "పిల్లవాడు క్షేమం" అని రాసేస్తారు. చూడనిదాన్ని చూడలేదని రాయడం ఆ బిడ్డకూ రక్ష, మీకూ రక్ష.

ఇప్పుడు "అందరి పరిస్థితీ అదే" అన్న మాట గురించి. ఆ మాట నిజమే కావచ్చు, అయినా అది జవాబు కాదు. అందరికీ అదే పరిస్థితి ఉంటే పని ఏర్పాటులోనే లోపముందని అర్థం, అందర్నీ ఓపిక పట్టమనడానికి అది కారణం కాదు. మీ సూపర్‌వైజర్ చెడ్డ మనిషి అనుకోను, ఆయన మీదా ఖాళీ కుర్చీల భారం ఉంది. కానీ నేను బాగా అలసిపోయాను అంటే ఆయన ఓదార్పు తప్ప ఇవ్వగలిగింది ఏమీ లేదు. లెక్క చూపిస్తే ఏదో ఒకటి తీసెయ్యక తప్పదు.

రెండు వారాలు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఉదాహరణకు ఒక బిడ్డకు నెలకు ఇలా పడుతుందనుకుందాం: సందర్శన గంట, ప్రయాణం గంటన్నర, నోట్స్ ముప్పావు గంట, ఫోస్టర్ కుటుంబంతో ఫోన్లు గంటన్నర, కన్నవాళ్లతో గంట, బడీ డాక్టరూ అరగంట, కోర్టు రిపోర్టు సగటున గంట. మొత్తం ఏడుంపావు గంటలు. 14 మందికి దాదాపు 101 గంటలు, 23 మందికి దాదాపు 167. వారానికి 40 గంటల చొప్పున నెలకు 173 గంటలు ఉంటే, మీటింగులూ శిక్షణా సెలవులూ ఒక 35 గంటలు పోగా మిగిలేది 138. అంటే ఏ అర్ధరాత్రి ఫోనూ రాకముందే మీరు నెలకు 29 గంటలు అప్పులో ఉన్నారు. అమెరికాలో పిల్లల సంక్షేమ సంస్థల సంఘమైన చైల్డ్ వెల్ఫేర్ లీగ్ సిఫార్సు ఒక ఫోస్టర్ కేర్ వర్కర్‌కు 12 నుంచి 15 మంది పిల్లలు. మీ పాత సంఖ్య దాని లోపలే ఉంది.

ఇంకో అంకె కూడా ఈ గంటల లెక్క రాసిన కాగితంలో పెట్టండి. అమెరికాలోని మిల్వాకీ కౌంటీ మీద 2005లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి నుంచీ ఒకే కేస్ వర్కర్ ఉన్న పిల్లల్లో 74.5 శాతం మందికి శాశ్వతమైన ఇల్లు దొరికింది, మధ్యలో వర్కర్ మారి ఇద్దరయినచోట అది 17.5 శాతం. ఇది చదివి మీరు కుంగిపోవద్దు. చిక్కు ఎక్కువున్న కేసులు ఎక్కువకాలం నడుస్తాయి, కాలం గడిచేకొద్దీ వర్కర్లూ మారతారు, కనుక తేడా అంతా వర్కర్ మారడం వల్లే అనలేం. అయినా మనుషుల్ని నిలబెట్టుకోవడం పిల్లల పనిలో భాగమేనని పైవాళ్లకు చెప్పడానికి ఇంతకంటే సూటైన సంగతి లేదు. ఈ అంకెను మోయాల్సింది వాళ్లు, మీరు కాదు.

కాగితం ఇచ్చి మూడు అడగండి. కొత్త కేసులు ఇవ్వడం కొంతకాలం ఆపడం. రాత్రి ఫోన్‌కు వంతులు, అయిదుగురుంటే అయిదు రాత్రులకు ఒకసారి, మీ వంతు కాని రాత్రి ఆ ఫోన్ మీ ఇంట్లోనే ఉండకూడదు. వారానికి ఒక గంట సూపర్‌విజన్, అంటే సూపర్‌వైజర్‌తో కూర్చుని పని గురించి మాట్లాడుకోవడం, అందులో సగం ఫైళ్ల గురించి కాకుండా ఆ వారం ఏ కేసు మనసులో గుచ్చుకుందో మాట్లాడుకోవడానికి. కుదరదంటే అప్పుడు ఇలా ఈమెయిల్ రాయండి: "ఈ వారం ఇవన్నీ చెయ్యడానికి గంటలు లేవు, వీటిలో ఏవి ఆపాలో చెప్పండి." ఏది వదలాలో ఎంచుకునే భారం ఇప్పుడు మీ ఒక్కరి మీదే ఉంది, నైతిక వేదనకు మూలం అదే. దీనివల్ల కొన్నాళ్లు మీ మీద ముఖం మాడ్చుకునేవాళ్లు ఉండొచ్చు, ముందే చెప్తున్నాను.

రాత్రి ఫోన్లు తగ్గించే పని ఒకటి మీ చేతిలో కూడా ఉంది. కరోనా కాలంలో అర్ధరాత్రి తరచూ వచ్చే కాల్ ఒకటుంది: ఫోస్టర్ తల్లికో తండ్రికో పాజిటివ్ వచ్చింది, పిల్లాణ్ని ఎక్కడ పెట్టాలి? ఒక్కో బిడ్డకు రెండో ఇల్లు ఏదో ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఆ ఇంటివాళ్ల పరిశీలన ముందే పూర్తి కావాలి, అనుమతి కాగితం ఫైల్లో ఉండాలి, పిల్లాడి మందులు, బడి ఫోన్ నంబరు, రాత్రి ఏ బొమ్మ లేకపోతే నిద్రపోడో కూడా అందులో రాసి ఉండాలి. అలాగే అర్ధరాత్రి దేనికి ఫోన్ చెయ్యాలో కుటుంబాలన్నింటికీ రాసి పంపండి: పిల్లలు కనిపించకపోతే, దెబ్బ తగిలితే లేదా ఆసుపత్రికి వెళ్తే, హింస ఆరోపణ వస్తే, చచ్చిపోతానని అంటే, పెద్దవాళ్లు ఆసుపత్రిలో చేరితే. మిగతావన్నీ పొద్దున్నే.

ఉద్యోగం మానెయ్యాలా అన్నదానికి నేను అవుననీ కాదనీ చెప్పను. ఏ దారిలో ఏం ఎదురవుతుందో చెప్తాను.

ఉండి భారం తగ్గించుకునే దారి పైన చెప్పింది. దానికి ఆరు వారాలు గడువు పెట్టండి. ఆలోగా పిల్లల సంఖ్యగానీ రాత్రి ఫోన్‌గానీ తగ్గకపోతే ఇక మాటలతో అయ్యేది కాదని తెలిసినట్టే. డాక్టరు సలహాతో నాలుగు నుంచి ఆరు వారాలు వైద్య సెలవు తీసుకోవడం ఇంకో దారి. మీరు రాసినవాటిని బట్టి మీకు ఇది అవసరమేననిపిస్తోంది. అయితే సెలవు నుంచి అదే 23 మంది దగ్గరికి తిరిగొస్తే మూడో వారానికల్లా మొదటికొస్తారు. అందుకే వెళ్లకముందే తిరిగొచ్చే తీరు రాయించుకోండి: మొదటి రెండు వారాలు సగం కేసులు, రాత్రి ఫోన్ లేదు. సెలవులో ఆఫీసు ఈమెయిల్ ఫోన్‌లోంచి తీసెయ్యండి. చికిత్స ఈ సమయంలోనే మొదలుపెట్టాలి, లేకపోతే సెలవంతా నిద్రలేని రాత్రులకే సరిపోతుంది.

అదే సంస్థలో వేరే విభాగానికి మారడం చాలామంది ఆలోచించరు. కొత్త ఫోస్టర్ కుటుంబాల్ని ఎంపిక చెయ్యడం, వాళ్లకు శిక్షణ ఇవ్వడం, కొత్తగా చేరిన వర్కర్లను తీర్చిదిద్దడం లాంటివి. మీ 9 ఏళ్ల అనుభవం వృథా పోదు, గాయపడ్డ బిడ్డను రోజూ చూడాల్సిన పని తగ్గుతుంది. పోయేది పిల్లలతో ఉండే బంధం. మీకు ఆ బంధమే ఊపిరైతే మొదటి కొన్ని నెలలు వెలితిగా ఉంటుంది.

మానెయ్యడం కూడా గౌరవమైన దారే. మీ ఆరోగ్యం, ఆరేళ్ల కొడుకు, అత్తగారు, ఇవి సాకులు కావు. కాకపోతే రెండు విషయాలు తెలుసుకుని మానెయ్యండి. బర్నౌట్ ఉద్యోగంతో పాటు చాలావరకు పోవచ్చు, ఆ చేతుల జ్ఞాపకం రాజీనామాతో పోదు, దానికి చికిత్స ఎలాగూ కావాలి. రెండోది, వెళ్లే తీరు. కనీసం నాలుగు వారాలు పెట్టుకోండి. ఒక్కో బిడ్డ గురించి ఒక పేజీ రాయండి, ఫైల్లో దొరకనివి: దేనికి భయపడతాడు, ఏ మాటకు నవ్వుతాడు, కోపం వస్తే ఎంతసేపు వదిలెయ్యాలి. కొత్త వర్కర్‌తో కలిసి ఒక్కసారైనా వెళ్లండి. వెళ్లిపోతున్నానని మీ నోటితో చెప్పండి, "నువ్వు చేసిన దేనివల్లా కాదు" అన్న మాట తప్పకుండా చెప్పండి. వస్తూ ఉంటాను అని మాత్రం అనొద్దు. ఈ పిల్లలు నిలబడని మాటలు ఇప్పటికే చాలా విన్నారు.

ఏ దారి అయినా నిద్రలేని రాత్రి తర్వాత పొద్దున నిర్ణయించొద్దు. వైద్యం మొదలై, కొన్ని రాత్రులు నిద్రపోయాక ఆలోచించండి. నిద్రకు ఒక్క చిన్న నియమం: పడుకుని ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి, మగత వచ్చాకే మళ్లీ మంచం మీదకు వెళ్లండి. మంచం అంటే మెలకువ అని ఒళ్లు నేర్చేసుకుంది, దాన్ని మరిపించాలి. మొదటి వారం ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇంట్లో విషయం. మీ భర్త వినడం మానేశారని బాధపడ్డారు. ఉత్తరం చూస్తే, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు మీరు ఆ మచ్చల రంగుతో సహా చెప్పినట్టున్నారు. ఆ గాయం ఆయనకూ తగులుతుంది, అందుకే "మానెయ్" అన్న ఒక్క మాటతో తప్పుకుంటున్నారు. చెప్పేముందు "ఇవాళ ఒక కష్టమైన రోజు, పది నిమిషాలు వింటావా, ఇప్పుడా తర్వాతా" అని అడగండి. మీకేమనిపించిందో చెప్పండి, బిడ్డ ఒంటిమీద ఏముందో చెప్పకండి. ఆ వివరాలు సూపర్‌విజన్‌కూ సైకాలజిస్టుకూ ఉంచండి. బిడ్డ గుట్టు బయటపెట్టకూడదన్న నియమం కూడా దీంతో నిలబడుతుంది.

కొడుకు అన్నమాటకు జవాబు రోజుకు పావుగంట. ఫోన్ వేరే గదిలో, ఆట వాడిష్టం, నేర్పడాలూ దిద్దడాలూ లేవు. వాడడిగింది మీ సమయమంతా కాదు. అత్తగారి కోసం ఇప్పటికే బట్టలు మార్చుకుని లోపలికి వెళ్తున్నారు, మంచిదే, కానీ గాలి ఆడే గది, ఇంట్లో అందరి టీకాలు, పాజిటివ్ మనిషిని కలిసివచ్చాక కొన్నాళ్లు ఆవిడ దగ్గర మాస్కు, ఇవి బట్టలకంటే ముఖ్యం.

ఆఖరికి ఆ బాబు. వెళ్లి చూడొచ్చు, కానీ ముగ్గురిని అడిగాకే: విచారణ చూస్తున్న అధికారిని, ఇప్పుడు వాణ్ని పెట్టుకున్న కుటుంబాన్ని, వాడికి థెరపిస్టు ఉంటే వాళ్లను. మిమ్మల్ని చూస్తే వాడికి ఆ ఇల్లు గుర్తొస్తుందా, లేక తనను అక్కణ్నుంచి తీసుకొచ్చిన మనిషిగా గుర్తున్నారా అన్నది వాళ్లు చెప్పగలరు. వద్దంటే కొన్నాళ్లాగండి. సరే అంటే అరగంటకు మించి ఉండొద్దు. క్షమించమని అడిగే బరువు నాలుగేళ్ల పిల్లాడి మీద పెట్టకండి, ఆ మాట చికిత్సలో చెప్పుకోవాల్సింది. నేలమీద కూర్చుని వాడు ఏ ఆట తీస్తే అదే ఆడండి. వాడే ఆ ఇంటి మాట ఎత్తితే "అక్కడ నీకు దెబ్బలు తగిలాయి. పెద్దవాళ్లు అలా చెయ్యకూడదు" అంటే చాలు, తర్వాత ఏమీ తవ్వి అడగొద్దు, అది విచారణకు అడ్డవుతుంది. లేచేముందు ఇంకో అయిదు నిమిషాల్లో వెళ్తానని ముందే చెప్పండి. వాడికి చెప్పకుండా వెళ్లిపోయిన మనుషులే ఎక్కువ.